కోవిడ్-19 మహమ్మారి ఆర్థిక, దౌత్య పర్యవసానాలు

2019 చివరలో చైనాలోని వూహాన్ నగరంలో బయటపడిన కోవిడ్-19 వ్యాధి కొద్ది నెలలలోనే ప్రపంచమంతటా వ్యాపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న దీనిని అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించి, మార్చి 11న మహమ్మారిగా పేర్కొంది. ఆ అత్యవసర పరిస్థితి 2023 మే 5న ముగిసింది. ఈ మూడు సంవత్సరాల కాలంలో వ్యాధి కారణంగా దేశాల ఆర్థిక స్థితిగతులలోను, వాటి పరస్పర సంబంధాలలోను వచ్చిన మార్పులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఏ సరుకు ఏ దేశం చేతిలో ఉన్నది, ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారు అనే విషయాలు మామూలు రోజులలో వర్తకులకు, అధికారులకు మాత్రమే పట్టేవి. 2020లో అవి ప్రాణాలు నిలబెట్టే ప్రశ్నలైనాయి.

పూర్వ చరిత్ర

అంటువ్యాధులు వర్తకాన్ని, రాజ్య వ్యవహారాలను మార్చివేయడం కొత్త కాదు. 1347-1351 మధ్య ఐరోపా జనాభాలో మూడో వంతుకు పైగా ప్లేగు వాతబడగా, మిగిలిన కూలీలకు గిరాకీ పెరిగింది. కూలి రేట్లు పెరగకుండా ఇంగ్లాండు 1351లో శాసనం చేసింది గాని, కాలక్రమంలో కూలి పెరుగుదలను అది ఆపలేకపోయింది. వ్యాధి ఉన్న ప్రాంతాలనుండి వచ్చేవారిని వేరుగా నిలిపి ఉంచే పద్ధతిని 1377లో రగూసా రేవు పట్టణం (నేటి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్) అమలుచేసింది. అక్కడ మొదట పెట్టిన గడువు 30 రోజులు. తరువాత అది 40 రోజులైంది. ఇటాలియన్ భాషలో నలభైని సూచించే మాటనుండే క్వారంటైన్ అనే పదం పుట్టింది.

భారతదేశానికి సంబంధించి చెప్పుకోదగిన ఘట్టం 1896 నాటి బొంబాయి ప్లేగు. ఈ వ్యాధి ఓడల ద్వారా తమ రేవులకు వస్తుందన్న భయంతో ఐరోపా దేశాలు 1897లో వెనిస్ నగరంలో అంతర్జాతీయ పారిశుధ్య సమావేశం జరిపాయి. అదే సంవత్సరం బ్రిటిషు ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. 123 సంవత్సరాల తరువాత, 2020లో, కోవిడ్ నియంత్రణకు భారతదేశం ప్రయోగించిన చట్టాలలో ఇది కూడా ఒకటి కావడం గమనార్హం.

ఉత్పత్తి, ఉపాధి

అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కల ప్రకారం 2020లో ప్రపంచ స్థూల ఉత్పత్తి సుమారు 3 శాతం తగ్గింది. 2009 నాటి ఆర్థిక సంక్షోభంలో ఈ తగ్గుదల 1 శాతం కూడా లేదు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడి చమురు ముందస్తు ఒప్పందపు ధర బ్యారెల్‌కు సున్నా కంటే 37.63 డాలర్ల దిగువకు పడిపోయింది. అనగా, నిలువ చేసే చోటు లేక, సరుకు తీసుకుపోయినవారికే ఎదురు డబ్బు ఇవ్వవలసి వచ్చింది. చమురు వ్యాపార చరిత్రలో ఇటువంటిది అంతకు ముందు జరగలేదు.

భారతదేశంలో మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ మూలంగా ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో స్థూల దేశీయోత్పత్తి మొదటి అంచనాల ప్రకారం 23.9 శాతం క్షీణించింది. ఈ అంకె వెనుక ఉన్న మనుషులు రహదారుల వెంట కనబడ్డారు. పని పోయి, అద్దె కట్టలేక, కాలినడకన స్వగ్రామాలకు బయలుదేరిన వలస కూలీల కోసం తొలి శ్రామిక్ రైలు మే 1న హైదరాబాదు శివారులోని లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హతియాకు సుమారు 1,200 మందితో నడిచింది. విదేశాలలో చిక్కుకున్నవారిని తెచ్చేందుకు మే 7న వందే భారత్ విమానాలు మొదలైనాయి. గల్ఫ్ దేశాలలో పనిచేసే కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల కార్మికులు అనేకులు ఈ విధంగానే తిరిగివచ్చారు.

ఈ సందర్భంలో నిపుణుల అంచనాలు కొన్ని బాగా తప్పినాయని చెప్పాలి. ప్రవాసులు స్వదేశాలకు పంపే సొమ్ము 20 శాతం తగ్గుతుందని ప్రపంచ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో భావించింది. తగ్గినది 3 శాతం లోపే. భారతదేశానికి ఆ సంవత్సరం దాదాపు 8,300 కోట్ల డాలర్లు వచ్చాయి. అంతకు ముందటి సంవత్సరంతో పోలిస్తే ఇది ఇంచుమించు సమానం. సరుకుల వర్తకం 13 నుండి 32 శాతం పడిపోవచ్చునని ప్రపంచ వాణిజ్య సంస్థ అన్నది. పడిపోయినది 5 శాతం పైచిలుకు మాత్రమే. ఇళ్ళకే పరిమితమైన జనం సేవల మీద పెట్టే ఖర్చును వస్తువుల మీద పెట్టడం, ప్రభుత్వాలు ధారాళంగా అప్పుచేసి ఖర్చుపెట్టడం దీనికి ముఖ్య కారణాలు. అమెరికా 2020 మార్చిలో చేసిన ఒక్క చట్టం విలువే 2.2 లక్షల కోట్ల డాలర్లు. ఐరోపా సమాఖ్య అదే సంవత్సరం జూలైలో 75,000 కోట్ల యూరోల ఉమ్మడి ఋణానికి అంగీకరించింది. ఒకరి అప్పుకు మరొకరు పూచీ ఉండరాదని పట్టుబట్టే ఉత్తర ఐరోపా దేశాలు ఇందుకు ఒప్పుకోవడం ఆ సమాఖ్య చరిత్రలో పెద్ద మలుపు.

మాస్కులు, మందులు - ఎగుమతి నిషేధాలు

మహమ్మారి మొదటి వారాలలో దేశాలు చేసిన మొదటి పని తలుపులు వేసుకోవడం. 2020 మార్చి మొదట్లో జర్మనీ వైద్య రక్షణ పరికరాల ఎగుమతిని నిషేధించింది. ఫ్రాన్సు తన దేశంలోని మాస్కుల నిల్వలను స్వాధీనం చేసుకుంది. ఇటలీ సాయం కోరినపుడు సాటి సభ్య దేశాలు వెంటనే ముందుకు రాలేదు. ఆ ఖాళీలో చైనా వైద్యబృందం, పరికరాలు రోము చేరుకున్నాయి. ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్ డెర్ లయెన్ తరువాత ఏప్రిల్‌లో ఇటలీకి క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

మందుల విషయంలో భారతదేశం స్థితి విచిత్రమైనది. చౌకగా మాత్రలు తయారుచేసి ప్రపంచానికి అందించే దేశమైనా, ఆ మాత్రలకు కావలసిన బల్క్ డ్రగ్స్ (ముడి ఔషధాలు) దిగుమతిలో సుమారు మూడింట రెండు వంతులు చైనానుండే వస్తాయి. ఈ పరాధీనత మొదటినుండి ఉన్నది కాదు. 1961లో నెలకొల్పిన ప్రభుత్వ రంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. హైదరాబాదులోని బాలానగర్‌లో మందుల కర్మాగారాన్ని నడిపింది. అందులో పని నేర్చినవారు తరువాత సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ వ్యవస్థాపకుడు కల్లం అంజిరెడ్డి వారిలో ఒకరు. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు పదార్థానికి గాక తయారీ విధానానికి మాత్రమే పేటెంటు ఇవ్వడం వీరికి కలిసివచ్చింది. అయితే చైనా సరుకు చౌకగా రావడంతో పెన్సిలిన్-జి వంటి మూల పదార్థాల తయారీ దేశంలో క్రమంగా ఆగిపోయింది.

2020 ఫిబ్రవరిలో చైనా కర్మాగారాలు మూతపడగానే దీని ఫలితం తెలిసింది. మార్చి 3న భారత ప్రభుత్వం పారాసిటమాల్ సహా 26 రకాల ముడి ఔషధాలు, మందుల ఎగుమతిపై ఆంక్షలు పెట్టింది. మార్చి 25న మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎగుమతిని నిషేధించింది. ఆ మందు కోవిడ్‌కు పనిచేస్తుందని నమ్మిన అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్, సరఫరా చేయకపోతే ప్రతిచర్య ఉండవచ్చునని ఏప్రిల్ 6న వ్యాఖ్యానించాడు. మరునాడు భారతదేశం నిషేధాన్ని సడలించి అనేక దేశాలకు పంపింది. మూడు నెలలు తిరగకముందే, ఆ మందు కోవిడ్ రోగులకు మేలు చేయడం లేదని తేలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిపై పరీక్షలను నిలిపివేసింది. పనికిరాని మందు కోసమే అంత దౌత్యం నడిచిందన్నమాట.

ముడి ఔషధాలను స్వదేశంలో తయారుచేసేవారికి ప్రోత్సాహకాలిచ్చే పథకాన్ని కేంద్రప్రభుత్వం 2020 మార్చిలో ఆమోదించింది. దీని క్రింద అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ ప్రాంతంలో నిర్మించిన పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో ఉత్పత్తి ప్రారంభించింది. చైనా ధరలతో పోటీపడి ఇటువంటి కర్మాగారాలు నిలబడటం కష్టసాధ్యం. ఒకసారి వదులుకున్న పరిశ్రమను తిరిగి తెచ్చుకోవడం ఎంత ఖర్చుతో కూడిన పనో దీనివలన తెలుస్తుంది.

టీకాల పంపిణీ

టీకాలు సిద్ధం కాకముందే ధనిక దేశాలు తమ జనాభాకు కొన్ని రెట్లు సరిపడా డోసులకు ఒప్పందాలు కుదుర్చుకున్నాయి. అన్ని దేశాలకు న్యాయంగా పంచేందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, గావి తదితర సంస్థలు కలిసి కోవాక్స్ అనే ఏర్పాటు చేశాయి. 2021 జనవరి 18న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ అధనోమ్ ఒక లెక్క చెప్పాడు. అప్పటికి 49 సంపన్న దేశాలలో 3 కోట్ల 90 లక్షలకు పైగా డోసులు వేయగా, ఒక నిరుపేద దేశంలో వేసినవి 25. ఇరవై అయిదు లక్షలు కాదు, ఇరవై అయిదు వేలు కాదు, కేవలం ఇరవై అయిదు.

ఈ పరిస్థితిలో అందరి చూపు భారతదేశం మీద పడింది. 2020 డిసెంబరు 9న 60 మందికి పైగా విదేశీ రాయబారులు హైదరాబాదు వచ్చి జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్, బయొలాజికల్ ఇ సంస్థలను చూసివెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రూపొందించిన టీకాను పూణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కోవిషీల్డ్ పేరుతోను, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి తయారుచేసిన టీకాను భారత్ బయోటెక్ కోవాక్సిన్ పేరుతోను ఉత్పత్తి చేశాయి. రెండింటికి 2021 జనవరి 3న అనుమతి లభించింది. జనవరి 20న భూటాన్, మాల్దీవులతో మొదలుపెట్టి "వ్యాక్సిన్ మైత్రి" పేరిట భారతదేశం మార్చి చివరికల్లా 6 కోట్లకు పైగా డోసులను ఇతర దేశాలకు పంపింది. ఇందులో కొన్ని దానం, కొన్ని వాణిజ్యం, కొన్ని కోవాక్స్ వాటా.

ఏప్రిల్‌లో రెండవ విడత వ్యాధి భారతదేశాన్ని ముంచెత్తింది. ఎగుమతులు ఆగిపోయాయి. కోవాక్స్ ప్రధానంగా సీరం ఇన్‌స్టిట్యూట్ మీదనే ఆధారపడి ఉండుటచేత ఆఫ్రికా దేశాలకు సరఫరా తెగిపోయింది. నేపాల్‌లో మొదటి డోసు వేసుకున్న వృద్ధులు రెండవ డోసు కోసం నెలల తరబడి ఎదురుచూశారు. చివరకు ఆగస్టులో జపాన్ పంపిన టీకాలు వారిని ఆదుకున్నాయి. భూటాన్ మార్చి-ఏప్రిల్ నెలలలో భారత టీకాలతో తన వయోజనులలో అత్యధికులకు మొదటి డోసు పూర్తిచేసింది. రెండవ డోసుకు అమెరికా, ఐరోపా దేశాల సాయం కోరవలసి వచ్చింది. అదే సమయంలో, విపత్తులలో విదేశీ సాయం తీసుకోరాదని పదహారేళ్ళుగా పాటిస్తున్న విధానాన్ని పక్కనపెట్టి భారతదేశం నలభైకి పైగా దేశాలనుండి ఆక్సిజన్ పరికరాలను, మందులను స్వీకరించింది. సొంత ప్రజలకు ముందు ఇవ్వాలా, ఇచ్చిన మాట నిలుపుకోవాలా అన్న ఈ చిక్కు ఏ ప్రభుత్వానికైనా తేలికైనది కాదు. అయితే మాట నమ్మి వేరే ఏర్పాటు చేసుకోని చిన్న దేశాలు నష్టపోయాయన్నది కూడా నిజం. ఎగుమతులు తిరిగి మొదలైనది 2021 అక్టోబరులో.

ఇతర దేశాల నడవడి ఇంతకంటే మెరుగుగా లేదు. టీకా తయారీకి కావలసిన సంచులు, వడపోత పరికరాలు వంటి సామగ్రిని అమెరికా తన రక్షణ ఉత్పత్తి చట్టం క్రింద ముందుగా స్వదేశీ కంపెనీలకే కేటాయించింది. ఆస్ట్రేలియాకు వెళ్ళవలసిన 2,50,000 డోసులను 2021 మార్చిలో ఇటలీ నిలిపివేసింది.

టీకా పత్రాలు కూడా దౌత్య వివాదాలకు దారితీశాయి. బ్రిటను తన దేశంలో వేసే ఆస్ట్రాజెనెకా టీకాను గుర్తించి, అదే టీకా భారతదేశంలో వేసుకుని వెళ్ళినవారిని మాత్రం టీకా లేనివారిగా పరిగణించింది. దీనికి బదులుగా 2021 అక్టోబరు 4 నుండి బ్రిటిషు ప్రయాణికులకు భారతదేశం 10 రోజుల క్వారంటైన్ విధించగా, వారంలోగా బ్రిటను దిగివచ్చింది. కోవాక్సిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబరు 3న గాని రాలేదు. అంతవరకు ఆ టీకా వేసుకుని విదేశీ విశ్వవిద్యాలయాలకు వెళ్ళదలచిన విద్యార్థులు, వారిలో చాలామంది తెలుగువారు, చిక్కులు పడ్డారు.

పేటెంట్ల వివాదం

కోవిడ్ టీకాలు, మందుల విషయంలో మేధో సంపత్తి హక్కులను తాత్కాలికంగా పక్కనపెట్టాలని భారతదేశం, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరు 2న ప్రపంచ వాణిజ్య సంస్థలో ప్రతిపాదించాయి. వందకు పైగా దేశాలు దీనిని బలపరచాయి. ఐరోపా సమాఖ్య, బ్రిటను, స్విట్జర్లాండు వ్యతిరేకించాయి. 2021 మే 5న అమెరికా టీకాల వరకు సమ్మతి తెలిపింది. నిర్ణయం వెలువడినది 2022 జూన్ 17న. అదైనా టీకాల పేటెంట్లకే పరిమితమైంది. అప్పటికి ప్రపంచంలో టీకాల కొరత తీరిపోయింది. పేటెంటు తొలగించినంత మాత్రాన తయారీ కిటుకులు తెలియవని కంపెనీలు చేసిన వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ కిటుకులు నేర్పమని కోరినపుడు ముందుకు వచ్చినవారు కూడా తక్కువే.

ధరలు, అప్పులు

2021లో గిరాకీ తిరిగి పుంజుకున్నపుడు ఓడలు, కంటెయినర్లు, కంప్యూటర్ చిప్‌లు చాలలేదు. ఆ సంవత్సరం చివరలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్, లాంగ్‌బీచ్ రేవుల వెలుపల సరుకు ఓడలు పెద్ద వరుసలలో వేచి ఉన్నాయి. చిప్‌లు లేక కార్ల కర్మాగారాలు ఆగినాయి. చిప్‌లను స్వదేశంలో తయారుచేయించుటకు అమెరికా 2022 ఆగస్టులో దాదాపు 5,300 కోట్ల డాలర్లతో చట్టం చేసింది. దీనికి తోడు 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలు కావడంతో ధరలు మరింత పెరిగి, అమెరికాలో ద్రవ్యోల్బణం ఆ జూన్‌లో 9.1 శాతానికి చేరింది. అక్కడి కేంద్ర బ్యాంకు దాదాపు సున్నాగా ఉన్న వడ్డీ రేటును 2023 జూలై నాటికి 5.25-5.50 శాతానికి పెంచింది.

ధనిక దేశాలు పెంచిన వడ్డీ, డాలర్లలో అప్పుచేసిన పేద దేశాల మీద పడింది. జాంబియా 2020 నవంబరులోనే చెల్లింపులు ఆపివేసింది. భారతదేశానికి దగ్గరి ఉదాహరణ శ్రీలంక. 2019 ఈస్టర్ దాడులతో దెబ్బతిన్న పర్యాటకం కోవిడ్‌తో పూర్తిగా స్తంభించి, విదేశీ మారకద్రవ్య నిల్వలు అడుగంటాయి. పన్నుల తగ్గింపు, 2021లో రసాయనిక ఎరువుల నిషేధం వంటి స్వయంకృతాలు దీనికి తోడయ్యాయి. 2022 ఏప్రిల్ 12న ఆ దేశం విదేశీ ఋణ చెల్లింపులను నిలిపివేసింది. జూలైలో అధ్యక్షుడు గోటబయ రాజపక్స దేశం విడిచి వెళ్ళాడు. ఆ సంవత్సరం భారతదేశం సుమారు 400 కోట్ల డాలర్ల మేరకు రుణాలు, ఇంధనం, ఆహారం, మందుల రూపంలో శ్రీలంకకు తోడ్పడింది. సంక్షోభ కాలంలో 2021 ఆగస్టులో ద్రవ్యనిధి 65,000 కోట్ల డాలర్ల విలువైన ప్రత్యేక హక్కులను దేశాలకు పంచింది గాని, పంపకం కోటాల ప్రకారం జరిగినందున అందులో ఎక్కువ భాగం అవసరం లేని దేశాలకే చేరింది.

దేశాల మధ్య వైరాలు

వ్యాధి పుట్టుకపై స్వతంత్ర విచారణ జరగాలని 2020 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా కోరింది. మే నెలలో చైనా ఆస్ట్రేలియా బార్లీపై 80 శాతం సుంకం వేసింది, తరువాత వైన్ పైన కూడా భారీ సుంకాలు విధించింది. ఇవి 2023, 2024 సంవత్సరాలలో గాని తొలగలేదు. భారతదేశం 2020 ఏప్రిల్‌లో సరిహద్దు దేశాలనుండి వచ్చే పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసింది. జూన్ 15 నాటి గల్వాన్ ఘర్షణ తరువాత టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. ఈ వైరానికి మూలం సరిహద్దు తగాదా, మహమ్మారి కాదు. అయితే చైనా మీద ఆధారపడరాదన్న భావన అప్పటికే బలపడి ఉన్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చైనాకు అనుకూలంగా వ్యవహరించిందని ఆరోపిస్తూ అమెరికా 2020 జూలైలో వైదొలగే నోటీసు ఇచ్చింది. 2021 జనవరిలో జో బైడెన్ దానిని ఉపసంహరించాడు. 2025 జనవరి 20న, రెండవసారి పదవి చేపట్టిన రోజునే, ట్రంప్ తిరిగి అదే ఉత్తర్వు జారీచేశాడు. భారతదేశానికి కూడా ఆ సంస్థతో ఒక తగవు ఉంది. 2020-21లో కోవిడ్ మూలంగా భారతదేశంలో 47 లక్షల అదనపు మరణాలు సంభవించాయని సంస్థ 2022 మేలో వేసిన అంచనాను ప్రభుత్వం తిరస్కరించింది. నాటికి అధికారిక లెక్క 5 లక్షల పైచిలుకు.

సమాచారం వెల్లడించిన దేశాలకు జరిగిన నష్టం

వ్యాధి సమాచారాన్ని ముందుగా చెప్పిన దేశమే ముందుగా దెబ్బతినడం అంతర్జాతీయ ఆరోగ్య వ్యవస్థలో పెద్ద లోపం. 1994లో సూరత్‌లో ప్లేగు వార్త రాగానే అనేక దేశాలు భారతదేశానికి విమానాలను, ఇక్కడినుండి దిగుమతులను నిలిపివేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అటువంటి ఆంక్షలు అక్కరలేదన్నా వినలేదు. 2003 నాటి సార్స్ తరువాత 2005లో సవరించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు, వాణిజ్యానికి, ప్రయాణాలకు అనవసరపు ఆటంకం కలిగించరాదని చెప్పాయి. ఉల్లంఘించినవారికి శిక్ష మాత్రం లేదు.

2021 నవంబరు 24న దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు కోవిడ్ కొత్త రకాన్ని గుర్తించి ప్రపంచానికి తెలిపారు. దానికే తరువాత ఒమిక్రాన్ అని పేరు వచ్చింది. ఒకటి రెండు రోజులలో బ్రిటను, ఐరోపా దేశాలు, అమెరికా దక్షిణాఫ్రికా ప్రాంతం నుండి ప్రయాణాలను నిషేధించాయి. ఆ ప్రకటనకు ముందే, నవంబరు 19న నెదర్లాండ్స్‌లో తీసిన నమూనాలో ఈ వైరస్ ఉన్నట్లు తరువాత బయటపడింది.

నమూనాల విషయంలో ఇండోనేషియా అనుభవం ఇంకా ముందటిది. తాము పంపిన బర్డ్ ఫ్లూ వైరస్‌తో ఒక విదేశీ కంపెనీ టీకా తయారుచేస్తున్నదని, అది తమ ప్రజలకు అందే ధరలో ఉండదని తెలిసి 2007లో ఆ దేశం నమూనాలు పంపడం ఆపివేసింది. దీని ఫలితంగా ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ల వరకు 2011లో ఒక ఒడంబడిక కుదిరింది. కోవిడ్ వైరస్ దాని పరిధిలోకి రాలేదు.

మహమ్మారి ఒప్పందం

మూడేళ్ళకు పైగా సాగిన చర్చల అనంతరం 2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. ముందురోజు కమిటీలో జరిగిన ఓటింగులో 124 దేశాలు అనుకూలంగా ఓటు వేయగా, 11 దేశాలు తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకించినవారు లేరు. అమెరికా పాల్గొనలేదు. ఒప్పందం ప్రకారం, వైరస్ నమూనాలు, వాటి జన్యు సమాచారం పంచుకున్నందుకు ప్రతిగా, ఇందులో చేరిన కంపెనీలు మహమ్మారి సమయంలో తమ టీకాలు, మందులు, పరీక్షా సాధనాల ఉత్పత్తిలో 20 శాతాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలన్నది లక్ష్యం. అందులో కనీసం సగం, అనగా ఉత్పత్తిలో 10 శాతం, ఉచితంగా ఇవ్వాలి. మిగిలినది అందుబాటు ధరకు. లాక్‌డౌన్‌లు, టీకా నిర్బంధాలు విధించే అధికారం ప్రపంచ ఆరోగ్య సంస్థకు లేదని ఒప్పందంలోనే స్పష్టంగా వ్రాశారు.

నమూనాలు ఎవరు, ఏ షరతుల మీద ఇవ్వాలి, ప్రతిఫలం ఏ విధంగా పంచాలి అన్న వివరాలను మాత్రం విడిగా ఒక అనుబంధానికి వదిలిపెట్టారు. ఆ అనుబంధాన్ని ఆరోగ్య సభ ఆమోదించిన తరువాతే ఒప్పందం సంతకాలకు వస్తుంది. 60 దేశాలు ధ్రువీకరించిన పిదప అమలులోకి వస్తుంది.